మేనాలో మజ్జిగ గ్లాసు

విమానం ఒక పక్కకు వాలిపోయినా నా ముందున్న గ్లాసులో నీళ్లు ఒలకలేదు. అది చూసి ఇంకెవరైనా అయితే ఆశ్చర్యపోయేవాళ్లేమో. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వయసులో విమానం ఎక్కిన ముసలిది సంబరపడాలి, మబ్బులు చూసి చేతులు జోడించాలి, ఎక్కించినవాళ్లను దీవించాలి. అందరూ అదే అనుకుంటారు. నేను మాత్రం ఆ గ్లాసు వంక చూస్తూ పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

నన్ను విమానం ఎక్కించింది మా మనవరాలు హేమ, మా అమ్మాయి కూతురు. విమానాల్లో జనానికి నీళ్లూ కాఫీలూ అందించే ఉద్యోగం దానిది. నేను అరవై దాటాక అక్షరాలు దిద్దింది దాని పలక మీదే. అది ఒక పక్క "అ" రాస్తే నేను రెండో పక్క "అ" రాసేదాన్ని, అది నా "అ"ను చూసి నవ్వేది. ఆ పిల్ల సెలవు పెట్టుకుని వచ్చి, గన్నవరంలో నన్ను విమానం ఎక్కించి హైదరాబాదు తీసుకుపోతోంది. కిటికీ పక్క సీటు నాకిచ్చింది. నడుముకు బెల్టు బిగించింది. చెవులు మూసుకుపోతే గుటక వెయ్యమంది. దుప్పటి కావాలా, చలేస్తోందా, కాళ్లు చాపుకుంటావా అని అడుగుతూనే ఉంది. హైదరాబాదు దగ్గరికి వచ్చాక, ముందు దిగాల్సిన విమానాలు ఇంకా ఉన్నాయని మమ్మల్ని కాసేపు గాల్లోనే చుట్లు తిప్పారు. తిరిగేటప్పుడల్లా నా వైపు రెక్క కిందకి వాలేది. చెరువులూ బండలూ ఇళ్లూ అన్నీ నా కిటికీలోకి ఎగబాకేవి. అవతలి వరస కిటికీల్లో ఉత్త ఆకాశం. ఒకాయన సీటు చేతుల్ని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గ్లాసులో నీళ్లు మాత్రం కదలకుండా ఉన్నాయి.

"ఏందే ఇది? ఇంత వాలింది, నీళ్లు ఒలకవేంది?" అన్నాను.

"వాలింది కాబట్టే ఒలకలేదు అమ్మమ్మా," అంది హేమ. "మలుపులో విమానం వాలకుండా బల్లలా తిరిగిందనుకో, మన ఒళ్లు బయటి వైపుకు జారుద్ది. బస్సు మలుపు తిరిగితే పక్కవాళ్ల మీద పడతాం చూడు, అట్లా. లోపలి వైపుకు ఎంత వాలాలో అంత వాలిస్తే ఆ తోపంతా సీటులోకే పోతుంది. పక్కకు పడ్డట్టు ఉండదు, కొంచెం బరువెక్కినట్టు ఉంటుంది, అంతే. గ్లాసుకి ఏ వైపు కిందో నీళ్లకీ అదే వైపు కింద."

"ఇంకా వాలిస్తేనో?"

"జనం ఉన్నప్పుడు ఒక హద్దు దాటి వాల్చరు. రెక్కలు మోసే బలంలో కొంత మలుపు తిప్పడానికే పోతుంది గదా. అందుకని వాల్చినప్పుడు ముక్కు కాస్త ఎత్తి పడతారు, లేకపోతే విమానం కిందకి దిగిపోద్ది. అన్నిటికన్నా ముఖ్యం, గబుక్కున వాల్చకూడదు, గబుక్కున లేపకూడదు. మేం ట్రే పట్టుకుని నడుస్తుంటాం గదా, పైలట్ చెయ్యి మంచిదైతే తిరుగుతున్నట్టే తెలియదు మాకు. కిటికీలోంచి చూస్తేనే తెలిసేది."

"ఈ సంగతి మీ ముత్తాతకి తెలుసు," అన్నాను.

అది పకపకా నవ్వింది. "ముత్తాత విమానం నడిపాడా ఏంది?"

"మేనా మోశాడు."

"మేనా అంటే?" అంది హేమ.

ఆ మాటకు నా కోపం ఇంకాస్త పెరిగింది. దాని మీద కాదు. తెలియకపోవడం దాని తప్పు కాదు. భుజం మీద కాయ కాచిన మనిషి పేరు మట్టిలో కలిసిపోయింది, అతను మోసిన పెట్టె పేరు కూడా కలిసిపోయింది. దానికి విమానం దిగేదాకా చెప్పాను. చెప్పింది చాలక ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు గురజాలకూ కారంపూడికీ మధ్య ఉండేది. మాది మేనా మోసేవాళ్ల పేట. ఊళ్లో కామందుల ఇల్లు ఒకటుంది. ఘోషా పాటించే ఇల్లు కాబట్టి ఆ ఇంటి ఆడవాళ్లు గడప దాటితే మేనా రావాల్సిందే. టేకు పెట్టె, ఎర్రటి తెరలు, లోపల పరుపూ బాలీసూ, రెండు పక్కలా పొడుగాటి దండెలు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మోసేవాళ్లు, మార్పుకు ఇంకో ఇద్దరు పక్కన పరిగెత్తేవాళ్లు. మా నాయన కోటయ్య ముందు కుడి దండె పట్టేవాడు. దారి చెప్పేదీ, అడుగు చెప్పేదీ ఆయనే. సాయంత్రం ఇంటికొచ్చి కూలబడగానే మా అమ్మ లింగమ్మ వావిలాకు వేసి ఆముదం కాచేది. ఆయన కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ ఉండేది. దాని చుట్టూ నూనె రాసి, ఉప్పు మూటతో కాపడం పెట్టేది. కాపడం చురుక్కుమన్నప్పుడల్లా ఆయన "మెల్లగానే" అనేవాడు. "అమ్మగారికి మెల్లగా, ఆయమ్మ గళాసుకి మెల్లగా, నీకూ మెల్లగానే కావాల. నాకు ఎవురు మెల్లగా చేస్తారయ్యా?" అని మా అమ్మ ఎగతాళి చేసేది.

గ్లాసు సంగతి ఏమిటంటే, కామందు తల్లిని అందరూ పెద్దమ్మగారు అనేవాళ్లు. ఆమె ఎక్కడికి బయల్దేరినా మేనాలో తన పక్కన ఒక ఇత్తడి గ్లాసు నిండా మజ్జిగ పోయించి పెట్టించుకునేది. తాగడానికి కాదు. చేరాక తెర తీసి, ఆ గ్లాసు చూసేది. మజ్జిగ పరుపు మీద ఒలికి ఉంటే ఆ పూట మోసినవాళ్లకు కూడు లేదు. వాళ్ల ఇంటి వాకిట్లో మోసినవాళ్లకు విస్తళ్లు వెయ్యడం రివాజు. ఒలికిన రోజు విస్తళ్లు పడేవి కావు. మండుటెండలో బండల దోవన మైళ్లు మోసుకొచ్చిన మగాళ్లు కుండలో నీళ్లు తాగి ఇంటికొచ్చేవాళ్లు. ఆ ఇంటివాళ్లకు ఇది సరదా. పిల్లలు కూడా "ఒలికిందా, ఒలికిందా" అని గెంతుకుంటూ వచ్చేవాళ్లు.

పేటలో కొత్తగా దండె పట్టిన కుర్రాళ్లు అందరూ ఒకటే తప్పు చేసేవాళ్లు. గ్లాసు ఒలకకూడదని మేనాని మలుపులో కూడా నిటారుగా నిలబెట్టాలని చూసేవాళ్లు. పరుగు మీద మలుపు తిరిగితే అప్పుడే ఒలికేది. పెద్దమ్మగారిదీ అదే నమ్మకం. మేనా ఏ కాస్త ఒరిగినట్టు అనిపించినా తెరలోంచి అరిచేది. "వాల్చబాకండిరా, పడేస్తారా నన్ను? నిటారుగా పట్టండి!" మా నాయన "అట్టాగేనమ్మగారూ" అనేవాడు. అని, తనకు తెలిసినట్టే వాల్చేవాడు. మలుపు ఇంకా పది అడుగులు ఉండగానే మొదలుపెట్టేవాడు. లోపలి వైపువాళ్లు మోకాళ్లు కాస్త వంచి అడుగు పొట్టి చెయ్యాలి, బయటి వైపువాళ్లు భుజం ఎత్తి అడుగు చాచాలి. మలుపు అయిపోయాక ఎట్లా వాల్చారో అట్లాగే నిదానంగా లేపాలి. ఆమెకు తెలిసేది కాదు. తెలియకపోవడమే ఆయన పనితనం.

కుర్రాళ్లకు ఇది నేర్పడానికి బరువు కావాలి గదా, ఆ బరువు నేనే. నులక మంచం తిరగేసి, పక్కలకు బొంగులు కట్టి, అందులో నన్ను కూర్చోబెట్టి, ఒళ్లో అంబలి ముంత పెట్టేవాళ్లు. కళ్లం చుట్టూ పరుగు. నాకు భలే సరదాగా ఉండేది. ఒలికితే నా గౌను తడిసేది, మా చెన్నయ్య బాబాయికి వీపు మీద దెబ్బ పడేది. "నిలబెట్టాలని చూస్తే ఒలికిద్దిరా. వాలిస్తేనే నిలబడిద్ది," అనేవాడు నాయన. అమ్మ గుమ్మంలోంచి అరిచేది: "దించండిరా దాన్ని! ఎక్కడం అలవాటైతే రేపు నడవమంటే నడవదు. మనం మోసేవాళ్లమేగానీ ఎక్కేవాళ్లమా?" నవ్వుతూనే అనేది. కానీ ఆమె ఒక్కసారి కూడా, సరదాకి కూడా, ఆ మంచంలో కూర్చోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు. మా అమ్మకు నెలలు నిండాయి. నొప్పులు మొదలై రాత్రంతా పడింది, తెల్లారినా కానుపు కాలేదు. ఎండ ఎక్కాక మంత్రసాని చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, "అడ్డం తిరిగాడు కోటయ్యా. నావల్ల కాదు. గురజాల ఆస్పత్రికి తీసకపో, బండిలో మాత్రం వద్దు. ఈ రాళ్ల దోవలో బండి ఎగేస్తే తల్లి కూడా దక్కదు," అని చెప్పింది. మా నాయన తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకుని కామందుల ఇంటికి పరిగెత్తాడు. ఆయన వెనకే నేను.

పెద్దమ్మగారు పెరటి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీయిస్తోంది.

"ఏరా, పిలవకుండానే వచ్చావు?" అంది.

"మా ఇంటిదానికి బిడ్డ అడ్డం తిరిగిందమ్మగారూ. గురజాల తీసకపోవాల. మేనా ఒక్క పూట ఇప్పిస్తే మీ కాళ్లకి మొక్కుతా."

"పురుటి మైలదాన్ని తెచ్చి నా మేనాలో పడుకోబెడతావా? రేపు నా కోడలు అందులో ఎట్టా కూచుంటది?"

"కడిగి, పసుపునీళ్లు చల్లి, పరుపు కొత్తది కుట్టించి..."

"చాల్లే. బండి కట్టుకుపో."

"బండి ఎగేస్తదమ్మా, తట్టుకోలేదు."

"అయితే మంచమ్మీద మోసకపొండి. మోసేవాళ్లేగా మీరు." మా నాయన వెనక్కి తిరిగాక మళ్లీ పిలిచింది. "ఒరేయ్, మా వాకిట్లోంచి భుజానెత్తుకుని పోబాకండి. ఆనవాయితీ తెలుసుగా."

తెలుసు. ఊళ్లోంచి గురజాల పోయే తిన్నని బాట వాళ్ల వాకిటి ముందునుంచే పోతుంది. ఆ వాకిలి ముందు మా పేట మనిషిని ఎవరూ భుజాల మీద ఎత్తుకుని పోకూడదు. మా పెళ్లికూతుళ్లు అక్కడ దిగి నడిచేవాళ్లు. మా పీనుగుల్ని కూడా ఊరి వెనక నాపరాళ్ల గని చుట్టూ తిప్పి తీసుకుపోయేవాళ్లు. గని దారి గుంటల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది, చుట్టూ తిరిగి బాటలో కలిసేసరికి ఒక మైలుకు మూడు మైళ్లవుతుంది. మా అమ్మ దిగి నడవగలిగితే ఈ కథే లేదు.

"తిన్నగా పోదాం పద అన్నా. ఎవుడు ఆపుతాడో చూద్దాం," అన్నాడు చెన్నయ్య బాబాయి.

"ఆపితే? దీన్ని ఎండలో దించి అక్కడ తగువు పెట్టుకుందామా? ఎత్తరా. గని దోవే," అన్నాడు మా నాయన. ఆయన గొంతు అట్లా ఉండగా నేను ముందూ వినలేదు, తరవాతా వినలేదు.

నేను ఎక్కి ఆడుకున్న మంచమే. అందులో బొంత వేసి మా అమ్మను పడుకోబెట్టారు. నేను చెంబూ గ్లాసూ పట్టుకుని పక్కన పరిగెత్తాను. మా నాయన ముందు నడుస్తూ ప్రతి మెలికకూ ముందే చెప్పేవాడు: "కుడి వాలు... ఇంకాస్త... లే... నిదానం." రెండు గుంటలు దాటాక మా అమ్మ కళ్లు తెరిచింది. చెమటలో ముఖం తడిసిపోయింది. నొప్పి ఆగినప్పుడు నన్ను పిలిచింది.

"ఏమే, ఆ గళాసు నిండా నీళ్లు పోసి నా పక్కన పెట్టు."

"తాగుతావా అమ్మా?"

"తాగటానికి కాదే. అమ్మగారికేనా గళాసు? నాకూ పెట్టు. ఒలికితే మీ నాయనకి ఈ పూట కూడు లేదు."

మోసేవాళ్లు నలుగురూ నవ్వారు. నవ్వుతుంటే చెన్నయ్య బాబాయి కళ్లల్లోంచి నీళ్లు కారడం నేను చూశాను. మా నాయన నవ్వాడో లేదో తెలియదు, వీపే కనిపించేది. మా అమ్మ గ్లాసును చేత్తో పట్టుకోకుండా, పక్కన పెట్టి దాని వంకే చూస్తూ పడుకుంది. మెలిక తర్వాత మెలిక. నీళ్లు అంచుదాకా వచ్చి ఆగిపోయేవి. ఒక పెద్ద మలుపు దాటాక మా అమ్మ మెల్లగా అంది:

"ఏమయ్యా. ఇన్నాళ్లూ ఆ ముసల్దానికి ఇట్టా ఉండేదా?"

మా నాయన "ఎడం వాలు," అన్నాడు.

గురజాల చేరేదాకా ఒక్క చుక్క ఒలకలేదు. ఆస్పత్రిలో మా అమ్మను బతికించారు. బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడు. "ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే" అన్నారట డాక్టరు. ఆ ఇంకొంచెం ఎక్కడ పోయిందో మాకందరికీ తెలుసు. ఆ వాకిలి ముందు పోయింది. ఒక గేటూ, రెండు అరుగులూ ఉన్న జాగా. అక్కడ మా తమ్ముడు పోయాడు.

మా అమ్మ ఇంటికొచ్చి లేచి తిరుగుతోంది. అప్పుడు పెద్దమ్మగారిని మాచర్ల తిరునాళ్లకు తీసుకుపోయి రావాలని కబురొచ్చింది. పోయేటప్పుడు ఏమీ జరగలేదు. తిరిగొచ్చేటప్పుడు, ఊళ్లోకి వచ్చాక, వాళ్ల వాకిట్లోకి తిరిగే మలుపు ఉంది. మేం పిల్లలం ఎదురెళ్లి చూస్తున్నాం. మామూలుగా ఆ మలుపుకు ముందే మా నాయన గొంతు వినపడాలి. వినపడలేదు. పరుగు తగ్గలేదు. నలుగురూ దండెలు నిటారుగా, రాయిలా పట్టుకుని అదే వేగాన తిరిగారు. మేనా వెంట్రుకవాసి కూడా వాలలేదు. లోపల ఏదో దొర్లిన చప్పుడు, తర్వాత కేక. దించి తెర తీస్తే పెద్దమ్మగారు ఒక మూలకు జారిపోయి ఉంది, నుదురు టేకు చెక్కకు కొట్టుకుని బొప్పి కట్టింది, పట్టుచీర ఒళ్లో మజ్జిగంతా ఉంది.

"చచ్చినాడా! ఒలికిందిరా! నన్ను చంపుదామనా?" అని అరిచింది.

మా నాయన దండె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరేగా అమ్మగారూ, వాల్చొద్దంటిరి," అన్నాడు.

ఆ రోజు విస్తళ్లు పడలేదు. ఆ తర్వాత మా నాయన ఆ మేనా ఎప్పుడూ పట్టలేదు, వాళ్లూ పట్టనివ్వలేదు. ఆ సాయంత్రం మా అమ్మ జొన్నసంకటి ముద్దలు చేసి ఆ నలుగురికీ మా వాకిట్లో విస్తళ్లు వేసింది. కానుపు తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేది. ఆ పూట మాత్రం మారు వడ్డిస్తూ, "ఎంత బొప్పి కట్టింది? చూపీ," అని చెన్నయ్య బాబాయిని అడిగింది. అతను పిడికిలి చూపించాడు. "అంతేనా?" అంది.

మా నాయన నాపరాళ్ల గనిలో పనికి పోయాడు. బండలు మోసి రెండో భుజం కూడా పోయింది. బండలకు మలుపులతో పని లేదు, ఒలికేది ఏమీ లేదు. ఒకరోజు మా అమ్మా నేనూ గనికి అన్నం తీసుకుపోయాం. అప్పుడు ఒక విమానం వచ్చింది. మా వైపు ఆకాశంలో విమానం కనిపించడం ఎప్పుడో గానీ జరిగేది కాదు. పనివాళ్లందరూ గడ్డపారలు దించి నోళ్లు తెరిచి చూశారు. అది ఎత్తిపోతల జలపాతం దిక్కుగా పోతూ పోతూ, ఒక రెక్క మెల్లగా కిందకి వాల్చి, వంపుగా తిరిగింది. తిరగడం అయ్యాక మెల్లగా లేచింది. కొందరు పడిపోతోందని అరిచారు. మా నాయన మాత్రం కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అది కనపడినంతసేపూ చూశాడు. "పడదు," అన్నాడు. "మోసేవాడు తెలిసినోడే."

మా అమ్మ తల ఎత్తలేదు. మూకుడు తీసి అన్నం పెడుతూ అడిగింది.

"ఎక్కినోళ్లు ఎవురో?"

ఇప్పుడు నా వయసువాళ్లం నలుగురం కలిస్తే, "ఆ రోజుల్లో ఏముండేయి పాపం, ఆస్పత్రా, బండా, బస్సా, అందుకే అంతమంది పోయారు" అనుకుంటుంటాం. హేమ కూడా విమానం దిగుతుంటే అదే అంది, మంచి మనసుతోనే అంది. నాకు ఆ మాట వింటే నరాలు లాగుతాయి. ఏమీ లేక కాదు. మేనా ఉంది. బాట ఉంది. మనిషి ఒంటికి నొప్పి తెలియకుండా మలుపు తిప్పడం ఎట్లాగో ఎరిగిన భుజాలు మా పేటలో ఇంటికి రెండు ఉన్నాయి. ఆ సుఖమంతా తయారయ్యేది మా ఇంట్లోనే, మా అమ్మ కాచిన ఆముదంతోనే. మా అమ్మ దాన్ని ఎరిగింది ఒక్క పూట, బిడ్డను పోగొట్టుకోబోతూ, గని గుంటల చుట్టూ. పరుపు మీద పడుకుని ఏళ్ల తరబడి దాన్ని అనుభవించినామెకు అది ఉన్నట్టే తెలియదు, నిటారుగా పట్టమని అరిచేది.

విమానం ఆఖరి చుట్టు తిరిగి, వాలిన రెక్క మెల్లగా లేపి తిన్నగా అయింది. హేమతో పాటు పనిచేసే అమ్మాయి ఖాళీ గ్లాసులు తీసుకుంటూ వచ్చి, నా నిండు గ్లాసు చూసి, "తాగలేదే అమ్మమ్మా? తీసేయనా? దిగబోతున్నాం," అంది. నేను ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని చివరి చుక్క దాకా తాగి ఖాళీ గ్లాసు ఇచ్చాను. ఆ పిల్ల నవ్వి వెళ్లిపోయింది. కింద ఎక్కడో మనుషులు రాళ్లు కొడుతున్న గుట్ట ఒకటి కనిపించింది. ఒకరిద్దరు తల ఎత్తి చూస్తున్నట్టున్నారు. కిటికీకి ముఖం ఆనించి, వాళ్లకు వినపడదని తెలిసినా, ఆ రోజు గనిలో మా అమ్మ అడిగినదానికి పైకే జవాబు చెప్పాను.

"లింగమ్మ కూతుర్ని."